బరోలో సీసాను ఎంచుకోవడం, దాచడం, తెరవడం

బరోలోను అర్థం చేసుకోవడానికి తెలుగువారి చేతిలో ఒక మంచి మాట ఉంది: వగరు. నాలుగు నేరేడు పళ్లు తిన్నాక నాలుక, చిగుళ్లు బిగదీసుకుపోతాయే, ఈ ఇటాలియన్ ఎర్ర వైన్ మొదటి గుక్కలో ఎదురయ్యేది అదే. నెబ్బియోలో ద్రాక్ష తొక్కలో, గింజల్లో ఉండే టానిన్లు అందుకు కారణం. ఆ వగరును మెత్తబరిచి, దాని వెనక దాగిన పరిమళాన్ని బయటికి రప్పించడమే కొనేవారి పని, దాచేవారి పని, వడ్డించేవారి పని.

ఇటలీ వాయవ్య భాగంలోని పీడ్‌మాంట్‌లో, ఆల్బా పట్టణానికి దగ్గరగా ఉన్న లాంగే కొండల్లో బరోలో ఒక చిన్న ఊరు. ఆ ఊరితో కలిపి పదకొండు ఊళ్ల హద్దుల్లో పండిన నెబ్బియోలోతో మాత్రమే చేసిన వైన్‌కే ఆ పేరు పెట్టుకునే హక్కు ఉంది. మరో రకం ద్రాక్షను ఏ కొంచెమూ కలపరాదు. ఇటాలియన్‌లో పొగమంచును నెబ్బియా అంటారు. అక్టోబరులో, తక్కిన రకాల కోతలు దాదాపు ముగిశాక, మంచు కమ్మిన వాలుల్లో ఈ గుత్తులను కోస్తారు కనుక ద్రాక్షకు ఆ పేరు వచ్చిందని చాలామంది చెబుతారు. ఈ ద్రాక్షతోటల కొండలను 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశాలలో చేర్చింది.

కొనేటప్పుడు ముందుగా సీసా మెడ చూడండి. ఇటలీ వైన్లకు అత్యున్నత శ్రేణి అయిన డి.ఓ.సి.జి. హోదా బరోలోకు 1980లో దక్కింది; ఆ హోదాను తెలిపే, వరుస సంఖ్య ఉన్న కాగితపు పట్టీ అక్కడ అతికించి ఉంటుంది. తరువాత పంట సంవత్సరం చూడండి. కోత జరిగిన ఏడాది నవంబరు 1 నుంచి లెక్కించి కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు కొయ్య పీపాల్లో, వైన్ మాగాలి. అందుకే 2019 పంట 2023 జనవరికి గాని అంగడికి రాలేదు. లేబుల్‌పై రిసెర్వా అని ఉంటే ఆ గడువు 62 నెలలు.

అన్నిటికంటే ఎక్కువ చెప్పేది ఊరి పేరు. లా మోర్రా, బరోలో ఊళ్ల వైన్లు సాధారణంగా సుకుమారంగా, త్వరగా తాగదగినవిగా ఉంటాయి. సెర్రలుంగా, మోంఫోర్తే వైన్లు బిగువుగా ఉండి ఎక్కువ ఏళ్లు నిలుస్తాయి. ఈ ఏడాదే తెరవాలనుకుంటే మొదటి జంట నుంచీ, పదేళ్లు దాచగలిగితే రెండో జంట నుంచీ ఎంచుకోమని నా సలహా. కన్నూబి, బ్రూనాతే వంటి తోటల పేర్లు కనిపిస్తే, అవి హద్దులు గీసిన నిర్దిష్టమైన వాలుల పేర్లని గుర్తించండి. తయారీ పద్ధతిని కూడా అడిగి తెలుసుకోవడం మంచిది. పాతకాలంవారు తొక్కలను వారాల తరబడి రసంలో నాననిచ్చి, పెద్ద ఓక్ పీపాల్లో ఏళ్లకు ఏళ్లు మాగబెట్టేవారు. 1980లలో కొందరు యువ తయారీదారులు నానబెట్టే కాలాన్ని తగ్గించి, 225 లీటర్ల చిన్న ఫ్రెంచి పీపాలను వాడటంతో ఇరుపక్షాల మధ్య పెద్ద వివాదమే నడిచింది. నా మటుకు నాకు పెద్ద పీపాల వైనే ఇష్టం. అందులో కొత్త కొయ్య వాసన గులాబీ పరిమళాన్ని కప్పేయదు.

దాచేటప్పుడు సీసాను పడుకోబెట్టి, చీకటిలో, 12–14 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచాలి. హైదరాబాదులో నేనొక సీసాను చెక్క బీరువాలో రెండు వేసవులు ఉంచాను. తెరిచేసరికి బిరడా కాస్త పైకి తన్నుకొచ్చి ఉంది, గ్లాసులో ఉడికిన పండు వాసన తప్ప మరేమీ మిగలలేదు. వైన్ కోసం ప్రత్యేకించిన ఫ్రిజ్ లేనివారు ఈ సీసాను ఎండాకాలం దాటించే ప్రయత్నం చేయకపోవడమే మేలు.

తెరవడానికి ఒక రోజు ముందు సీసాను నిలబెడితే మడ్డి అడుగుకు దిగుతుంది. గది వేడిలోనే వడ్డించాలన్న మాట చల్లని దేశాలకు సరిపోతుంది. మన ముప్పై డిగ్రీల గదిలో ఆల్కహాలు ఘాటు తప్ప ఏమీ తెలియదు. గంట, గంటన్నర ఫ్రిజ్‌లో ఉంచి 16–18 డిగ్రీలకు తెచ్చుకోండి. లేత వైన్‌ను వెడల్పాటి గాజు కూజాలోకి వంచి రెండు మూడు గంటలు గాలి తగలనివ్వాలి. ఇరవై ఏళ్లు దాటినదైతే మడ్డి కదలకుండా నెమ్మదిగా వంచి, వెంటనే వడ్డించాలి. తెల్లకాగితంపై గ్లాసును వాల్చి చూస్తే రంగు పలచగా, వయసు పెరిగేకొద్దీ అంచున ఇటుక ఛాయతో కనిపిస్తుంది. పలచన చూసి వైన్ బలహీనమనుకోకండి. ముక్కు దగ్గరికి తెస్తే ఎండిన గులాబీ రేకులు, ఆ వెనకే కొత్త రోడ్డు మీది తారును తలపించే వాసన అందుతాయి.

ఆ ప్రాంతంలో దీనికి తోడు బరోలోలోనే గంటల తరబడి మగ్గించిన గొడ్డుమాంసం, గుడ్డు సొనతో కలిపిన సన్నని తాయరిన్ నూడుల్స్, శరదృతువులో ఆల్బా తెల్ల ట్రఫుల్స్ అనే, నేల లోపల పెరిగే సువాసన పుట్టగొడుగులు. మాంసంలోని కొవ్వు, మాంసకృత్తులు వగరును లొంగదీస్తాయి. కారం దానిని రెచ్చగొడుతుంది. గోంగూర మాంసంతో కాక, మిరియాలు మితంగా వేసి, ఎముకతో సహా నెమ్మదిగా ఉడికించిన మేక మాంసంతో తాగి చూడండి. సీసాలో మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. లేత బరోలో మర్నాటి సాయంత్రానికి తరచుగా ముందురోజు కంటే మెత్తగా ఉంటుంది.