బయటి పోర్సలీన్ టైల్స్ మధ్య గ్రౌట్ చెడిపోతే: విశాఖ ఇళ్లకు సమస్య - పరిష్కారం

సాగర్ నగర్, లాసన్స్ బే కాలనీ, రుషికొండ, భీమిలి వైపు సముద్రపు గాలి నేరుగా తగిలే ఇళ్లలో సిట్‌అవుట్‌కూ డాబాకూ పోర్సలీన్ టైల్స్ వేయించుకున్నవారు రెండు వానాకాలాలు గడిచేసరికి దాదాపు ఒకే రకమైన ఇబ్బంది చెబుతారు. టైల్ చెక్కుచెదరకుండా ఉంటుంది. సందులో నింపిన గ్రౌట్ మాత్రం రాలిపోతుంది, తెల్లబడుతుంది, చీలుతుంది, లేదా నల్లగా పాచి పట్టిపోతుంది. మేస్త్రీని పిలిస్తే పాత గ్రౌట్‌ను పైపైన గోకి దాని మీదే కొత్తది రుద్ది వెళతాడు, ఏడాది తిరగకుండానే వ్యవహారం మళ్లీ మొదటికి వస్తుంది. బయటి నేలలో గ్రౌట్ చెడడానికి కారణం చాలాసార్లు గ్రౌట్ రకం కాదు. టైల్ కింద నిలిచిన నీరో, ఎండకు నేల సాగడమో, నింపిన నాడు చేసిన తొందరో అయి ఉంటుంది. వీటిలో ఏదన్నది తేల్చుకోకుండా ఎంత ఖరీదైన గ్రౌట్ కొన్నా ఆ ఖర్చు నిలవదు.

కాబట్టి పని మొదలుపెట్టే ముందు మూడు చిన్న పరీక్షలు చేయించాలి. తాళంచెవి కొనతో సందులో గట్టిగా గీరితే పొడి రాలుతుందా, గీత మాత్రమే పడుతుందా అన్నది మొదటిది. సుత్తి పిడితో ప్రతి టైల్‌నూ మధ్యలోనూ నాలుగు మూలలా తట్టి, డొల్ల శబ్దం వచ్చినవాటికి సుద్దముక్కతో గుర్తు పెట్టడం రెండోది. రెండు బకెట్ల నీళ్లు పోసి, గంట తరువాత ఎక్కడెక్కడ నిలిచాయో చూడడం మూడోది. ఈ మూడూ అయ్యేసరికి కింద చెప్పే లక్షణాలలో మీది ఏదో చాలావరకు తెలిసిపోతుంది.

లక్షణం: గ్రౌట్ పొడిపొడిగా రాలిపోవడం

సందులో నింపినది అసలు గ్రౌటేనా అని ముందు విచారించాలి. మన వైపు ఇప్పటికీ చాలామంది మేస్త్రీలు తెల్ల సిమెంట్‌లో రంగు పొడి కలిపి రుద్దేస్తారు. గది లోపల అది కొన్నేళ్లు ఉన్నా, అందులో ఇసుకా ఉండదు, పట్టు పెంచే పాలిమర్ కూడా ఉండదు కనుక ఎండకు కుంచించుకుపోయి వానకు కొట్టుకుపోతుంది. నింపినది మంచి కంపెనీ గ్రౌటే అయినా పొడి రాలుతోందంటే, కలిపేటప్పుడు నీళ్లు ఎక్కువ పోసి ఉంటారు, లేదా మధ్యాహ్నపు ఎండలో కాలిన టైల్ మీద నింపడం వల్ల సిమెంట్ గట్టిపడేలోపే తేమ ఆవిరైపోయి ఉంటుంది. తేమ గాలికి గడ్డకట్టిన సంచిని చిదిపి వాడినా ఫలితం ఇలాగే ఉంటుంది.

మరో కారణం గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే అది మా ఇంట్లోనే జరిగింది. మధురవాడలో మేము ఇల్లు కట్టుకున్నప్పుడు గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందని పోర్టికో టైల్స్ పరిచిన మర్నాడే గ్రౌట్ నింపించాము. ఆ తరువాత రెండు రోజులకు, టైల్స్ మీద అంటిన సిమెంట్ మరకలు పోవాలని, పనివాళ్లు బాత్‌రూమ్‌లు కడిగే యాసిడ్ పోసి కడిగారు. ఆ యాసిడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది పోర్సలీన్‌ను ఏమీ చేయదు గానీ, గ్రౌట్‌లోని సిమెంట్‌ను కరిగించి ఇసుక రేణువులను విడిగా వదిలేస్తుంది. ఆరు నెలలలో సందులన్నీ ఖాళీ అయ్యాయి. ఆ మేస్త్రీకి చెడు ఉద్దేశం ఏమీ లేదు, అందరూ చేసినట్టే చేశాడు. అందుకే ఎవరు కొత్తగా టైల్స్ వేయించుకుంటున్నా ఆ బాత్‌రూమ్ యాసిడ్ సీసాను దరిదాపులకు రానివ్వవద్దని చెబుతూ ఉంటాను.

పరిష్కారం: ఇలా రాలుతున్నదాని మీద పైపూత పనికిరాదు. టైల్ మందంలో కనీసం మూడింట రెండు వంతుల లోతు వరకు, అంటే 10 మిల్లీమీటర్ల టైల్‌కు 6 నుంచి 7 మిల్లీమీటర్ల దాకా పాతది తీసేసి, దుమ్మును బ్లోయర్‌తోనో వాక్యూమ్‌తోనో పూర్తిగా తొలగించి, మళ్లీ నింపాలి. పెద్ద కటింగ్ మెషిన్ చేయి తప్పితే టైల్ అంచు పెచ్చు లేస్తుంది. ఆలస్యమైనా చేతి రంపంతో గానీ, సన్నని బ్లేడుతో అటూ ఇటూ అదిరే చిన్న మెషిన్‌తో గానీ తీయించడమే మేలు.

లక్షణం: సందుల వెంట తెల్లటి పూత

కడిగిన రోజు పోయి, ఎండిన మర్నాడు మళ్లీ కనిపించే ఈ తెలుపు మన తీరంలో బాగా ఎక్కువ. పోర్సలీన్ పీల్చుకునే నీరు దాని బరువులో 0.5 శాతానికి మించదు. కనుక కింది మాలులో చేరిన తేమ బయటికి రావాలంటే సందు తప్ప దారి లేదు. ఆ తేమ మాలులోని సున్నాన్ని కరిగించి పైకి తెస్తుంది, అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కాల్షియం కార్బనేట్‌గా గట్టిపడుతుంది. సముద్రానికి దగ్గరి ఇళ్లలో ఉప్పగా ఉండే బోరు నీళ్లతో మాలు కలిపి ఉంటే ఆ ఉప్పు కూడా ఇదే దారిన పైకి వస్తుంది. రెండింటికీ తేడా కనిపెట్టడం తేలిక. తెల్లటి పొడి మీద కాసిని మంచినీళ్లు పోస్తే కరిగిపోయేది ఉప్పు. నీటికి కరగకుండా, వెనిగర్ చుక్క వేస్తే బుసబుస పొంగేది సున్నం.

పైపూతను మొదట పొడి బ్రష్‌తో గీకి తీసేయాలి. ఉప్పు అయితే మంచినీళ్లతో తుడిచి, ఆ నీటిని నేల మీద వదలకుండా గుడ్డతో ఎత్తేయడం సరిపోతుంది. సున్నం పేరుకుపోయి ఉంటే సందులను ముందు నీళ్లతో తడిపి, పలచటి సల్ఫామిక్ ఆమ్లంతో ఒక మూలన ప్రయత్నించి చూసి, తరువాత మిగతా చోట వాడి, ధారాళంగా కడిగేయాలి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఇదంతా శుభ్రం చేయడమే తప్ప నయం చేయడం కాదు. నయం కావాలంటే కింద నీరు నిలవకూడదు. బకెట్ పరీక్షలో నీరు నిలిచిందంటే వాలు చాలలేదని అర్థం. బయటి నేలకు మీటరుకు 12 మిల్లీమీటర్ల వాలు ఉండాలి. టైల్ కింద మాలును ముద్దలు ముద్దలుగా పెట్టి అతికిస్తే ఆ ముద్దల మధ్య ఖాళీలలోనూ వాన నీరు చేరి నెలల తరబడి ఉండిపోతుంది. తట్టినప్పుడు వచ్చే డొల్ల శబ్దం దీనికి గుర్తు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, తెలుపు రాకుండా సందులను ఎపాక్సీతో, అంటే సిమెంట్ బదులు రెసిన్, హార్డెనర్ కలిపి చేసే గ్రౌట్‌తో, మూసేయడం. అప్పుడు నీరు బయటికి వచ్చే దారి కూడా పోయి, పిట్టగోడ అడుగునో కింది గది పైకప్పులోనో చెమ్మగా కనిపిస్తుంది. గ్రౌట్ ఏదైనా అది వాటర్‌ప్రూఫింగ్ పొర చేసే పని చేయదు. డాబా మీద ఆ పొర టైల్ కింద విడిగా ఉండి తీరాలి.

లక్షణం: ఒకే గీతలో చీలిక, లేదా టైల్స్ గుడారంలా లేవడం

ఒక్క వరుస సందు మాత్రమే పొడవునా చీలినా, గ్రౌట్ టైల్ అంచు నుంచి వెంట్రుకవాసి విడిపోయినా, ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం పటపటమని శబ్దం వచ్చి రెండు టైల్స్ ఒకదానికొకటి ఆనుకుని పైకి లేచినా, కారణం కదలిక. పోర్సలీన్ ప్రతి 10 డిగ్రీల వేడికి మీటరుకు సుమారు 0.065 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆరు మీటర్ల డాబా తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నానికి 30 డిగ్రీలు వేడెక్కితే ఆ సాగుడు 1.2 మిల్లీమీటర్లకు చేరుతుంది. కింది కాంక్రీటు సాగే కొలత వేరు, అది వేడెక్కే వేగమూ వేరు. ముదురు రంగు టైల్ అయితే అడుగు పెట్టలేనంతగా కాలుతుంది కనుక కదలిక ఇంకా ఎక్కువ. ఆ సాగుడుకు చోటు లేనప్పుడు టైల్స్ నాలుగు పిట్టగోడల మధ్య బిగుసుకుపోతాయి. టైల్స్ మధ్య ఎడం కోసం 2 మిల్లీమీటర్ల స్పేసర్ ముక్కలు పెట్టి, గోడ దాకా గట్టి గ్రౌట్ నింపేస్తే జరిగేది ఇదే.

దీనికి మందు గ్రౌట్‌లో లేదు. బయటి నేలలో ప్రతి రెండున్నర నుంచి మూడున్నర మీటర్లకు ఒక సందునూ, నేల గోడను తాకే ప్రతి అంచునూ గ్రౌట్‌తో కాక, రబ్బరులా సాగే మెత్తటి సీలెంట్‌తో నింపాలి. ఇప్పటికే వేసిన నేలలో అయితే ఎంచుకున్న వరుసలోని గ్రౌట్‌నూ దాని కింది మాలునూ కోసి తీయించి, సందు 8 నుంచి 10 మిల్లీమీటర్ల వెడల్పుకు వచ్చాక ఫోమ్ రాడ్‌ను (మెత్తటి నురుగు కడ్డీని) లోపలికి నొక్కి, దాని పైన పాలీయురేథేన్ సీలెంట్ గానీ న్యూట్రల్ సిలికాన్ గానీ పట్టించాలి. సీలెంట్ లోతు వెడల్పులో సగం ఉంటే చాలు. ఫోమ్ రాడ్ ఖర్చు స్వల్పమే, అయినా దాన్ని మానేసేవారే ఎక్కువ. అది లేకపోతే సీలెంట్ రెండు పక్కలతో పాటు అడుగున కూడా అంటుకుని, సాగలేక మొదటి వేసవిలోనే చిరిగిపోతుంది. స్లాబులోనే ఎక్స్‌పాన్షన్ జాయింట్ (సాగడానికి వదిలిన సందు) ఉంటే, టైల్స్‌లోని జాయింట్ సరిగ్గా దాని మీదుగానే రావాలి.

లక్షణం: ఎపాక్సీ పసుపు పచ్చబడడం, జిగురుగా ఉండిపోవడం

పసుపు రంగు ఎండలోని అతినీలలోహిత కిరణాల పని. తెలుపు, ఐవరీ రంగులలో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, బూడిద రంగులో అంతగా తెలియదు. పాడైన రంగును కడిగి తేలేము, తీసేసి నింపవలసిందే. జిగురుగా ఉండిపోయిందంటే రెసిన్, హార్డెనర్ పాళ్లు కుదరలేదన్నమాట. కంటి అంచనాతో సగం సగం తీసి కలపడం వల్లే ఇది ఎక్కువగా జరుగుతుంది. ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపాలి, లేదా తూకం వేసి విడదీయాలి. అరగంటలోపు తుడవకపోతే టైల్ మీద మిగిలే మసక పొరకు ఆ కంపెనీవారే అమ్మే ఎపాక్సీ క్లీనర్ తప్ప వేరే ఉపాయం లేదు.

నల్లటి పాచి సంగతి క్లుప్తంగానే చెప్పవచ్చు. నీడ, నిలిచిన తడి, కుండీల కింద మట్టి ఉన్నచోట అది పెరుగుతుంది. బ్రష్‌తో రుద్ది, కుండీలను కాస్త ఎత్తు మీద పెట్టి, వాలు సరిచేస్తే తగ్గుతుంది.

ఇక ఏది ఎంచుకోవాలి, ఎలా నింపాలి

మన తీరంలో ఎండ నేరుగా పడే నేలకు పాలిమర్ కలిసిన, ఇసుక ఉన్న సిమెంట్ గ్రౌట్‌నే నేను ముందుగా సూచిస్తాను. సంచి మీద మెరుగైన సిమెంట్ గ్రౌట్ అని చెప్పే సీజీ2 అన్న తరగతి, దాని పక్కన నీటిని తక్కువ పీల్చుతుందనే డబ్ల్యూ, అరుగుదలను తట్టుకుంటుందనే ఏ అక్షరాలు ఉంటే మరీ మంచిది. నూనె మరకలు పడే కారు పోర్టికోకూ, బయటి వంటగట్టు పక్కకూ, కింద నీరు నిలవదని తేలిన తరువాత ఎపాక్సీ వాడవచ్చు. కొత్తగా పరిచేవారు సందు 5 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకూడదు. 60 సెంటీమీటర్ల చదరపు టైల్, 10 మిల్లీమీటర్ల మందం, 5 మిల్లీమీటర్ల సందు అయితే చదరపు మీటరుకు సుమారు 270 గ్రాముల సిమెంట్ గ్రౌట్ పడుతుంది. 20 చదరపు మీటర్లకు 6 కిలోలు తెచ్చుకుంటే వృథాతో సహా సరిపోతుంది.

అక్టోబరు వానలూ తుఫానుల కాలమూ దాటాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ పనికి అనువైన రోజులు. టైల్స్ అంటించాక అడ్హెసివ్ (టైల్ జిగురు) అయితే కనీసం ఒక రోజు, సిమెంట్ మాలు అయితే వారం ఆగాలి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కుళాయి నీళ్లను సంచి మీద రాసిన కొలత ప్రకారం పోసి, పొడిని ఉండలు లేకుండా కలిపి, ఐదు పది నిమిషాలు వదిలేసి మళ్లీ కలపాలి. తరువాత గట్టిపడుతోందని నీళ్లు చేర్చకూడదు. రబ్బరు పలకతో సందుకు ఏటవాలుగా నొక్కి అడుగు దాకా నింపి, వేలు పెడితే అంటుకోని స్థితికి వచ్చాక, బాగా పిండిన స్పాంజితో తుడవాలి. కారుతున్న స్పాంజితో తుడిస్తే పైపొర కొట్టుకుపోయి రంగు మచ్చలు మచ్చలుగా తేలుతుంది. మర్నాటి నుంచి రెండు మూడు రోజులు ఉదయం, సాయంత్రం తడి గుడ్డ పరచడం, ఒక రోజు వరకు నడవకపోవడం, వారం దాకా కారు ఎక్కించకపోవడం పాటించాలి.

పని ముగిశాక మిగిలిన పొడిని గాలి చొరని డబ్బాలో పెట్టి, మూత మీద రంగు పేరూ బ్యాచ్ నంబరూ రాసి ఉంచితే, తరువాత ఒక టైల్ మార్చవలసి వచ్చినా ఆ రంగును కొట్లో వెతుక్కునే పని ఉండదు. ఆ పొడి గడ్డకట్టి ఉంటే మాత్రం నంబరును బట్టి కొత్త సంచి తెచ్చుకోవాలి.