బి12 ఇంజెక్షన్‌ మొదలుపెట్టే ముందు

నీరసంగా ఉందని నేరుగా సూది వేయించుకోకండి. ముందు రక్తపరీక్షలో లోపం తేలాలి. సూది పడ్డాక చేయిస్తే ఆ అంకెను నమ్మలేం.

డాక్టరుకు ఇవి తప్పక చెప్పండి:
- ఇదివరకు విటమిన్‌ సూదితో దద్దుర్లు, ఆయాసం వచ్చాయా
- రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారా (కండలో సూది వేస్తే లోపల రక్తం గూడుకట్టవచ్చు)
- మెట్‌ఫార్మిన్‌ (షుగరు మాత్ర) వాడకం

అన్నిటికన్నా నాకు భయం ఫోలిక్‌ యాసిడ్‌ (ఇది మరో బి విటమిన్‌) గురించే. బి12 లోపం ఉండగా అదొక్కటే మింగితే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. అరికాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలుడు ఉంటే దయచేసి ఆలస్యం చేయకండి.

లోపం తీవ్రమైతే, చికిత్స తొలిరోజుల్లో రక్తంలో పొటాషియం పడిపోవచ్చు. ఆ పరీక్ష అడగండి.

సిరంజి కొత్తదేనా, మందు గడువుందా చూసుకోండి. సూది తర్వాత కాసేపు అక్కడే కూర్చోండి.