లారీ లైసెన్సుకు దరఖాస్తా? ముందు ఫారం 5లో తేదీలు చూసుకోండి

మా చుట్టాల కుర్రాడొకడు లారీ లైసెన్సు కోసం ఆర్టీఓ ఆఫీసుకు వెళ్తుంటే తోడు వెళ్లాను. కారు లైసెన్సు వాడికి మూడేళ్లుగా ఉంది. హెవీకి ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్లకిచ్చే తాత్కాలిక లైసెన్సు) తీసుకుని నెల దాటింది, స్లాట్ దొరికింది, కాగితాలన్నీ ఫైల్లో ఉన్నాయి. కౌంటర్లో ఆవిడ డ్రైవింగ్ స్కూలు సర్టిఫికెట్ అయిన ఫారం 5 తీసి, ఎల్‌ఎల్‌ఆర్ పక్కన పెట్టి, రెండు తేదీల మీద వేలు పెట్టి చూపించింది. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చింది 12వ తేదీన. ఫారం 5 ప్రకారం వీడు లారీ నేర్చుకోవడం మొదలుపెట్టింది అదే నెల 2న. "ఎల్‌ఎల్‌ఆర్ లేకుండా పది రోజులు లారీ ఎలా నడిపావు బాబూ?" అంది. వాడి దగ్గర జవాబు లేదు, అసలు నడపనేలేదు కాబట్టి. ఆ కాగితం ఏజెంటు తెచ్చిచ్చింది. ఆ స్కూలు గుమ్మం కూడా వీడు తొక్కలేదు. ఏజెంటుకు ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్.

అదే వరండాలో ఇదే కాగితంతో తిప్పలు పడుతున్నవాళ్లు ఇంకో ఇద్దరు కనిపించారు. అందుకే ఇది రాయడం.

తేలికైన భాగం ముందు చెప్పేస్తాను. లైసెన్సు ఏదైనా మొదటి మెట్టు ఎల్‌ఎల్‌ఆర్. రవాణా శాఖ పోర్టల్‌లో దరఖాస్తు నింపి, వయసు, చిరునామా రుజువులు ఎక్కించి, ఫీజు కట్టి, రోడ్డు గుర్తులు, నిబంధనల మీద పరీక్ష రాయాలి. కేంద్ర నిబంధనల ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్‌కు ఒక్కో రకం బండికి 150 రూపాయలు, పరీక్షకు 50. తర్వాత డ్రైవింగ్ టెస్టుకు ఒక్కో రకానికి 300, లైసెన్సుకు 200. రాష్ట్రం వేసే సర్వీస్ చార్జీ అదనం. ఏజెంటు చెప్పే అంకెకు, ఈ అంకెలకు ఉన్న తేడా ఎవరి జేబులోకి పోతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆరోగ్యం బాగుందని ఫారం 1లో మీరే రాసివ్వొచ్చు. 40 ఏళ్లు దాటినవాళ్లు, లారీ, బస్సు లాంటి ట్రాన్స్‌పోర్ట్ బండికి దరఖాస్తు చేసేవాళ్లు మాత్రం డాక్టరు సంతకంతో ఫారం 1-ఎ తేవాలి.

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చాక కనీసం 30 రోజులు ఆగితేగానీ డ్రైవింగ్ టెస్టుకు వెళ్లలేరు. ఈలోగా బండికి ముందూ వెనకా తెల్ల బోర్డు మీద ఎర్రటి 'ఎల్' ఉండాలి, పక్కన లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి. లారీ, బస్సు లాంటి ట్రాన్స్‌పోర్ట్ బండ్లకైతే 20 ఏళ్లు నిండి ఉండాలి, కారు లైసెన్సు తీసుకుని ఏడాది గడవాలి.

ఇక ఫారం 5. డ్రైవింగ్ స్కూలు ఇచ్చే శిక్షణ సర్టిఫికెట్ ఇది. మీ సొంత కారుకో, బైకుకో అయితే చట్టం దీన్ని అడగదు. నాన్న దగ్గరో, అక్క దగ్గరో నేర్చుకుని నేరుగా టెస్టుకు వెళ్లొచ్చు. "స్కూలు సర్టిఫికెట్ లేకపోతే ఫైలు కదలదు" అని కారు లైసెన్సుకు వచ్చినవాళ్ల దగ్గర డబ్బు గుంజేవాళ్లున్నారు, నమ్మొద్దు. ట్రాన్స్‌పోర్ట్ బండికి మాత్రం ఇది తప్పనిసరి.

ఆ ఒక్క పేజీలో ఏముంటుందో చాలామంది చదవరు. ఫలానా వ్యక్తి ఫలానా తేదీన మా స్కూల్లో చేరాడు, మా ఫారం 14 రిజిస్టరులో ఇదీ అతని వరుస సంఖ్య, ఫలానా రకం బండి మీద ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు సిలబస్ ప్రకారం శిక్షణ పొందాడు అని స్కూలు రాసిస్తుంది. ఫారం 14 అంటే చేరికల పుస్తకం. ఎవరు ఎన్ని గంటలు నడిపారో రాసే ఫారం 15 అనే పుస్తకం ఇంకొకటి ఉంటుంది. ఏజెంటు తెచ్చిన కాగితం వెనక ఈ రెండు పుస్తకాల్లో మీ పేరు ఉండకపోవచ్చు. తనిఖీలో అది బయటపడితే కాగితం చూపించిన మనిషిగా జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

కాబట్టి కాగితం చేతికి రాగానే చూడాల్సినవి ఇవి. పేరు స్పెల్లింగ్ ఎల్‌ఎల్‌ఆర్‌లో ఉన్నట్టే ఉందా, బండి రకం అదేనా, చేరిన తేదీ ఎల్‌ఎల్‌ఆర్ తర్వాతేనా, మొత్తం రోజులు సరిపోయాయా. ట్రాన్స్‌పోర్ట్ బండికి శిక్షణ 30 రోజులకు తగ్గకూడదు, అందులో స్టీరింగ్ మీ చేతిలో ఉన్న సమయం 15 గంటలకు తగ్గకూడదు. కారు కోసం స్కూల్లో చేరితే 21 రోజులు, 10 గంటలు. సిలబస్‌లో ప్రథమ చికిత్స కూడా ఉంది. స్కూలు అది నేర్పకపోతే అడగండి, మొహమాటం వద్దు.

అసలు మోసం ఇంకోచోట ఉంది. "మా సర్టిఫికెట్ ఉంటే టెస్టు అక్కర్లేదు" అని చెప్పి ఎక్కువ వసూలు చేస్తారు. మామూలు స్కూలు ఇచ్చే ఫారం 5తో టెస్టు తప్పదు. టెస్టు నుంచి మినహాయింపు ఉన్నది ఫారం 5-బికి మాత్రమే. దాన్ని ప్రభుత్వ గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాలే ఇవ్వాలి. ఆ పద్ధతి 2021 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అక్కడ కారుకే 29 గంటల కోర్సు, అందులో 21 గంటలు బండి మీద. ట్రాక్, సిమ్యులేటర్ ఉండాలి, చివర్లో కేంద్రమే పరీక్ష పెడుతుంది. లైసెన్సు ఇచ్చేది మాత్రం అప్పుడూ ఆర్టీఓనే. 2024లో, జూన్ 1 నుంచి ప్రైవేటు స్కూళ్లే లైసెన్సులు ఇస్తాయని వార్త తిరిగితే, నిబంధనల్లో ఏ మార్పూ లేదని కేంద్ర రవాణా శాఖ వివరణ ఇచ్చింది. ఆ పాత వార్త చూపించి ఇప్పటికీ బేరాలాడుతున్నారు.

పదిహేను గంటలు దండగ అనుకునేవాళ్లకు ఒక్క మాట. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో పదింట ఏడు చావులు అతివేగం ఖాతాలోవే. లోడుతో ఉన్న లారీ బ్రేకు వేశాక ఎంత దూరం పోయి ఆగుతుందో పుస్తకం చదివితే అర్థం కాదు. పక్కన నేర్పే మనిషి కూర్చుని ఉండగా తెలుసుకోవడమే నయం.

టెస్టు పోతే టెన్షన్ పడొద్దు, ఏడు రోజుల తర్వాత మళ్లీ రావొచ్చు. మూడుసార్లు పోతే 60 రోజులు ఆగాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత అలాంటివాళ్లు స్కూల్లో మళ్లీ శిక్షణ కూడా తీసుకోవాలి.

మా కుర్రాడు వేరే స్కూల్లో చేరాడు. ఎల్‌ఎల్‌ఆర్‌కు ఇంకా నాలుగు నెలలకు పైగా గడువుంది కాబట్టి 30 రోజుల కోర్సు పూర్తి చేసి మళ్లీ స్లాట్ తీసుకోవచ్చు. మీ ఎల్‌ఎల్‌ఆర్ గడువు దగ్గరపడి ఉంటే ముందు కొత్తది తీసుకోండి, ఆ తర్వాతే స్కూల్లో చేరండి. కౌంటర్లో ఆవిడ చూసేది ఆ వరుసే.