విశాఖలో చదివే అమ్మాయిలు వేధింపులపై ఫిర్యాదు రాసేటప్పుడు

పీజీకో పరిశోధనకో శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి విశాఖ వచ్చి హాస్టళ్లలో ఉండే అమ్మాయిలకు, అధ్యాపకుడో సీనియరో హద్దు మీరినప్పుడు, ఆ మనిషి కంటే ముందు ఇల్లు గుర్తొస్తుంది. తెలిస్తే చదువు మాన్పించి తీసుకుపోతారేమోనన్న బెంగలో వారాలు గడిచిపోతాయి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం మాత్రం గడువు పెట్టింది: సంఘటన జరిగిన మూడు నెలల్లోపు, పలుమార్లు జరిగితే చివరిసారి జరిగిన నాటి నుంచి మూడు నెలల్లోపు, రాతపూర్వకంగా ఫిర్యాదు అందాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే, ఫిర్యాదు విచారించే సంస్థలోని కమిటీ మరో మూడు నెలల వరకు పొడిగించవచ్చు.

అందువల్ల ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది తేలకముందే, జరిగిన రాత్రే ఒక నోటుపుస్తకంలో తేదీ, సమయం, చోటు, దగ్గరలో ఉన్నవారి పేర్లు రాసిపెట్టుకోండి. ‘అసభ్యంగా మాట్లాడారు’ అని రాస్తే చాలదు. ఏ మాట అన్నారో ఆ మాటే రాయాలి. చేయి రాదు, నిజమే, కానీ విచారణలో బరువు దానికే ఉంటుంది. వచ్చిన సందేశాలను అసహ్యమేసి చెరిపేయకుండా, నంబరూ తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, ఒక ప్రతిని నమ్మకమైన స్నేహితురాలి దగ్గర ఉంచండి.

ఎక్కువమంది పొరబడేది ఆ తరువాతి మెట్టు దగ్గరే. విభాగాధిపతికి చెప్పుకోవడం ఫిర్యాదు చేయడం కాదు. ‘చూద్దాంలేమ్మా, నేను మాట్లాడతాను’ అన్న ఆ ఒక్క మాటకే మూడు నెలలూ కరిగిపోతాయి. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2015 నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలోనూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళా అధ్యాపకురాలు అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగంమంది మహిళలై ఉండాలి, విద్యార్థులకు సంబంధించిన విషయమైతే ముగ్గురు విద్యార్థి ప్రతినిధులు కూడా కూర్చోవాలి. వైస్ ఛాన్సలర్, రిజిస్ట్రార్, డీన్, విభాగాధిపతి వంటివారు అందులో సభ్యులు కారాదు. కాగితం ఆ కమిటీ పేరిటే రాయండి. సాక్షుల పేర్లు, ఆధారాలు జతచేసి ఆరు ప్రతులు ఇచ్చి, మీ ప్రతి మీద అందినట్టు తేదీతో సంతకం తీసుకోండి. సంతకం పెట్టడానికి వెనకాడితే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. రాయడం చేతకాకపోతే సాయపడవలసిన బాధ్యత కమిటీదే.

అదే కాగితంలో మధ్యంతర రక్షణ కూడా అడగడం మరవకండి. వేధించిన వ్యక్తే మీ గైడైతే, వైవా, మార్కులు, హాజరు అతని చేతిలోనే ఉంటాయి గనుక, విచారణ ముగిసేదాకా మీ పనిని అతను మూల్యాంకనం చేయకుండా చూడాలని స్పష్టంగా కోరండి. ఫిర్యాదు ప్రతి ఏడు రోజుల్లో అతనికి చేరుతుంది, పది రోజుల్లో అతను జవాబివ్వాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. రాజీ మీరు కోరితేనే జరగాలి, అందులో డబ్బు ప్రస్తావన రాకూడదు. నిరూపించలేకపోయినంత మాత్రాన మీది తప్పుడు ఫిర్యాదు అయిపోదు. మీ పేరు, వివరాలు బయటపెట్టడాన్ని చట్టం నిషేధిస్తుంది.

కమిటీకి రాశారని పోలీసుల దారి మూసుకుపోదు. తాకడం, లైంగిక కోరికలు తీర్చమనడం భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షను కిందికి, వెంటపడటం 78వ సెక్షను కిందికి వస్తాయి. మద్దిలపాలెంలో బస్సు దిగి హాస్టలుకు నడిచే దారిలో అపరిచితుడు వెంటపడితే 112కు ఫోన్ చేయాలి. సంఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగినా, ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు నమోదు చేయించవచ్చు, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. సలహాకు మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది. వకీలు కావాలంటే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచితంగా సాయం అందిస్తుంది. కమిటీ ముందు మాత్రం ఇరుపక్షాలూ వకీళ్లను పెట్టుకోవడానికి వీల్లేదు.

విచారణలో మీరు చెప్పింది వారు రాసుకున్నాక, సంతకం చేసే ముందు చివరి పుట దాకా చదివి, మీ మాట మారిపోయిన చోట అక్కడికక్కడే దిద్దించండి.