కిట్ కారులో వేరే ఇంజిన్ ఎక్కించాక వచ్చే సమస్యలు: కారణాలు, పరిష్కారాలు

ఇంజిన్ మార్చిన కిట్ కారు (విడిభాగాలు కొని మనమే కూర్చుకునే కారు) మొరాయిస్తే చాలామంది ముందు ఇంజిన్‌నే అనుమానిస్తారు. పాత కారులో బాగా నడిచిన ఇంజిన్ కొత్త ఛాసిస్‌లో కూర్చోగానే పాడైపోదు. ఎర్త్ ఇవ్వడం, గాలిని రేడియేటర్ వైపు మళ్లించడం, ఆయిల్‌ని, పెట్రోల్‌ని సరైన చోట నిలపడం లాంటి పనులు అక్కడ ఆ కారు చేసిపెట్టేది. ఇక్కడ అవన్నీ మనమే చేయాలి. అందుకే హెడ్ (సిలిండర్ల పైమూత) విప్పే ముందు ఇవి చూడండి.

ఇంజిన్ ఛాసిస్‌లోకి దిగదు, లేదా దిగాక బానెట్ మూసుకోదు

ఇంజిన్ కొనేముందు బ్లాకు ఒక్కటే కొలిస్తే ఇలాగే అవుతుంది. అడ్డొచ్చేవి బ్లాకు చుట్టూ ఉండేవే: ఆల్టర్నేటర్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, ఆయిల్ ఫిల్టర్, స్టార్టర్. ముందు చక్రాలు తిప్పే కారులో అడ్డంగా ఉన్న ఇంజిన్‌ని నిలువుగా తిప్పి పెడుతుంటే, గేర్‌బాక్స్ వైపున్న నీళ్ల అవుట్‌లెట్, డిస్ట్రిబ్యూటర్ సరిగ్గా ఫైర్‌వాల్‌కి (ఇంజిన్‌కి, సీట్లకి మధ్య గోడకి) కొట్టుకుంటాయి. క్రాంక్‌షాఫ్ట్ మధ్య గీత ఆధారంగా పైకి, కిందికి, రెండు పక్కలకి కొలిచి ఛాసిస్ కొలతలతో పోల్చండి. స్టీరింగ్ షాఫ్ట్‌కి, ఎగ్జాస్ట్‌కి మధ్య కనీసం 25 మి.మీ. ఖాళీ వదలండి, ఎందుకంటే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ రబ్బరు మౌంటింగ్‌ల మీద ఒరుగుతుంది.

కొనేటప్పుడు కంప్రెషన్ చూడండి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే ఆ ఇంజిన్ వదిలేయండి. ఫ్లైవీల్, స్టార్టర్, వైరింగ్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), తాళంచెవి అన్నీ ఒకే కారువి తీసుకోండి. విడిగా వెతికితే డబ్బు, ఓపిక రెండూ పోతాయి. ఇంజిన్ బయట ఉండగానే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, క్రాంక్ వెనక ఆయిల్ సీల్ మార్చేయండి.

క్లచ్ పూర్తిగా తొక్కినా గేర్ కరకరమంటుంది

ఇంజిన్ ఆపి ఉంటే గేరు సాఫీగా పడి, నడుస్తుంటే పడకపోతే క్లచ్ పూర్తిగా విడవట్లేదన్నమాట. తేలికైన కారణాలు ముందు చూడండి: హైడ్రాలిక్ లైనులో గాలి, రిలీజ్ బేరింగ్‌కి చాలినంత కదలిక లేకపోవడం, క్లచ్ ప్లేటు తిరగేసి బిగించడం. తిరగేస్తే ప్లేటు హబ్ ఫ్లైవీల్ బోల్టులకు తగులుతుంది.

ఇవేవీ కాకపోతే క్రాంక్ చివర ఉండి గేర్‌బాక్స్ షాఫ్ట్ ముక్కుని మోసే పైలట్ బేరింగ్ చూడాలి. అడ్డంగా కూర్చునే ఇంజిన్లు చాలావాటికి అది ఉండదు, ఆ గేర్‌బాక్సులకు దాని అవసరం లేదు. నిలువు గేర్‌బాక్స్ జత చేసినప్పుడు మాత్రం సరైన సైజు బుష్‌గానీ బేరింగ్‌గానీ వేసి తీరాలి. లేకపోతే ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్కు ఆధారం లేకుండా ఊగి, కొన్నాళ్లకి గేర్‌బాక్స్ ముందు బేరింగ్ అరుస్తుంది.

ఇంతకంటే ప్రమాదకరమైంది ఇంకోటి ఉంది. బెల్‌హౌసింగ్ (క్లచ్‌ని కప్పే గేర్‌బాక్స్ ముందు డొప్ప) చేత్తో నెడితేనే బ్లాకుకి ఆనుకోవాలి. ఆనుకోకపోతే బోల్టులతో లాగి బిగించకండి. షాఫ్ట్ పొడవు ఎక్కువై క్రాంక్ రంధ్రం అడుగుని తన్నుతూ ఉండొచ్చు. అలా బిగిస్తే థ్రస్ట్ బేరింగ్ (క్రాంక్ ముందుకి, వెనక్కి జరగకుండా ఆపేది) త్వరగా అరిగిపోతుంది. దీన్ని పట్టుకోవడం తేలిక: ముందు పుల్లీకి డయల్ గేజ్ (సన్నని కదలికని కూడా చూపే ముల్లు మీటరు) ఆనించి, క్రాంక్‌ని ముందుకి, వెనక్కి తోసి ఎంత కదులుతుందో గేర్‌బాక్స్ బిగించక ముందు ఒకసారి, బిగించాక ఒకసారి రాసుకోండి. మామూలుగా 0.1 నుంచి 0.3 మి.మీ. దాకా ఉంటుంది. బిగించాక అది తగ్గినా, మాయమైనా గేర్‌బాక్స్ వెంటనే దించండి. షాఫ్ట్ ముక్కుని తగ్గించాలి, లేదా అడాప్టర్ ప్లేటు (ఇంజిన్‌కి, వేరే గేర్‌బాక్స్‌కి మధ్య బిగించే పలక) మందం పెంచాలి. 2 మి.మీ. ఖాళీ అయినా మిగలాలి.

అడాప్టర్ ప్లేటు వాడితే, బెల్‌హౌసింగ్ ఒక్కటే బిగించి, ఫ్లైవీల్ మీద డయల్ గేజ్ నిలిపి, మధ్య రంధ్రం అంచు వెంట ఒక చుట్టు తిప్పండి. ముల్లు కదలిక మొత్తం 0.13 మి.మీ. దాటితే డోవెల్ పిన్నులు (రెండు భాగాలనీ సరైన చోట నిలిపే పిన్నులు) సరిచేయాలి. డోవెల్స్ లేకుండా బోల్టుల మీదే ఆధారపడితే ఈ కొలత ఎప్పటికీ నిలవదు.

సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది, లైట్లు వేస్తే టెంపరేచర్ ముల్లు లేస్తుంది

బ్యాటరీ మంచిదే అయితే ఇది దాదాపు ఎప్పుడూ ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) సమస్యే. ఫైబర్‌గ్లాస్ బాడీలో కరెంటు పారదు, ఇంజిన్ రబ్బరు మీద కూర్చుంటుంది, ఛాసిస్‌కి పౌడర్ కోటింగ్ ఉంటుంది. స్టార్టర్ లాగే వందకు పైగా ఆంపియర్లకు వేరే దారి లేకపోతే ఆ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండానో, క్లచ్ కేబుల్ గుండానో తిరిగి వెళ్తుంది. నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టి కేబుల్ తొడుగు పట్టుకుంటే చేతికి వేడి తెలుస్తుంది. అలాగే వదిలేస్తే లోపలి ప్లాస్టిక్ కరిగి, యాక్సిలరేటర్ తొక్కిన చోటే బిగుసుకుపోవచ్చు.

మల్టీమీటర్ ఎర్ర ప్రోబ్ బ్లాకు మీద శుభ్రమైన చోట, నల్లది బ్యాటరీ నెగటివ్ పోల్ మీద (క్లాంపు మీద కాదు) పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టుల లోపు చూపిస్తే పర్వాలేదు, అర వోల్టు దాటితే ఎర్త్ చాలట్లేదు. బ్లాకు నుంచి ఛాసిస్‌కి ఒకటి, బ్యాటరీ నుంచి ఛాసిస్‌కి ఒకటి, 25 చదరపు మి.మీ.కి తగ్గని కేబుళ్లు వేయండి. బోల్టు కింద కోటింగ్‌ని లోహం మెరిసేదాకా గీకి, బిగించాక తుప్పు పట్టకుండా గ్రీజు పూయండి. లైట్లకు, మీటర్లకు ఎర్త్ వైరు విడిగా లాగాల్సిందే.

ఇంజిన్ వేడెక్కిపోతుంది

ఎప్పుడు వేడెక్కుతోందో గమనిస్తే సగం జవాబు దొరికినట్టే. ట్రాఫిక్‌లోనే అయితే ఫ్యాన్ చూడండి. వైర్లు తారుమారైతే అది ఉల్టా తిరుగుతుంది. రేడియేటర్ వెనకున్న ఫ్యాన్ అయితే, ముందు వైపు పెట్టిన కాగితం అతుక్కోవాలి, ఎగిరిపోకూడదు. వేగంగా వెళ్లేటప్పుడే అయితే గాలి రేడియేటర్ పక్కల నుంచి జారిపోతోంది. ముక్కు భాగానికి, రేడియేటర్‌కి మధ్య సందులన్నీ అల్యూమినియం రేకుతో మూసేయండి.

ముల్లు పైకీ కిందికీ గంతులేస్తుంటే లోపల గాలి చిక్కుకుంది. కిట్ కార్లలో రేడియేటర్ ఇంజిన్ కన్నా కిందుంటుంది కాబట్టి హెడర్ ట్యాంకు (నీళ్లు నింపే చిన్న ట్యాంకు) అన్నిటికంటే పైన ఉండాలి, హెడ్‌లో ఎత్తయిన చోటు నుంచి దానికి సన్నని గొట్టం వెళ్లాలి.

హీటర్ పెట్టట్లేదని దాని గొట్టాలకు బిరడాలు కొట్టకండి. రోవర్ కె సిరీస్ లాంటి ఇంజిన్లలో థర్మోస్టాట్ (వేడిని బట్టి తెరుచుకునే వాల్వు) నీళ్లు లోపలికొచ్చే వైపుంటుంది. దాన్ని తాకేలా వేడినీళ్లు తిరిగే దారిలో హీటర్ గొట్టం ఒకటి. మూసేస్తే థర్మోస్టాట్ ఆలస్యంగా తెరుచుకుని హెడ్ గ్యాస్కెట్ మీదికొస్తుంది. ఆ రెండు గొట్టాలనీ ఒకదానికొకటి కలిపేయండి.

మలుపుల్లో ఆయిల్ లైటు వెలుగుతుంది

నేలకి తగలకుండా సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కోసి పొట్టిది చేస్తే ఆయిల్ పక్కకి పొర్లి పికప్ పైపు గాలి పీలుస్తుంది. సంప్‌లో అడ్డు రేకులు వెల్డ్ చేయించండి, పికప్ మూతికి, సంప్ అడుక్కి మధ్య 6 నుంచి 10 మి.మీ. ఉంచండి. సంప్ మారినా, ఇంజిన్ వాలు మారినా డిప్‌స్టిక్ పాత గీతలు అబద్ధం చెప్తాయి. కొత్త సంప్‌కి తగిన ఆయిల్ కొలిచి పోసి, కొత్త గీత పెట్టుకోండి. లైటు వెలిగిన మలుపుని మళ్లీ పరీక్షించకండి, బేరింగులు పోతాయి.

ఒక వేగం దాటాక కారంతా వణుకుతుంది

నిలబడి న్యూట్రల్‌లో అదే ఆర్పీఎంకి రేజ్ చేయండి. అప్పుడూ వణికితే ఫ్లైవీల్ బ్యాలెన్స్, లేదా మౌంటింగ్ ఎక్కడో ఛాసిస్‌కి తగలడం కారణం. కదులుతున్నప్పుడే అయితే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక డిఫరెన్షియల్‌కి వెళ్లే రాడ్డు) కోణాలు చూడండి. గేర్‌బాక్స్ వెనక్కి 3 డిగ్రీలు దిగి ఉంటే డిఫరెన్షియల్ ముక్కు 3 డిగ్రీలు పైకి చూడాలి. ఈ రెంటి తేడా 1 డిగ్రీ లోపుండాలి. ఫోన్‌లో లెవల్ యాప్ ఈ కొలతకి చాలు. సరిచేయడానికి గేర్‌బాక్స్ మౌంటింగ్ కింద షిమ్ (పలుచని రేకు) వేయండి.

ట్యాంకు సగముండగానే మలుపులో ఇంజిన్ తడబడుతుంది

అడ్డు గోడలు లేని ట్యాంకులో పెట్రోల్ ఓ మూలకి పోతుంది. ఇంజెక్షన్ ఇంజిన్ క్షణం కూడా ఓర్చుకోదు, కాబట్టి స్విర్ల్ పాట్ (పెట్రోల్ ఎప్పుడూ నిండుగా ఉండే చిన్న పాత్ర) పెట్టి, దాన్నుంచి హై ప్రెషర్ పంపు పీల్చేలా చేయండి. ఇంజెక్షన్‌కి దాదాపు 3 బార్ కావాలి. అదే పంపు కార్బురేటర్‌కి కలిపితే ఫ్లోట్ వాల్వు నిలవక పెట్రోల్ పొర్లుతుంది, అక్కడ 0.2 నుంచి 0.3 బార్ చాలు.

సెల్ఫ్ తిరుగుతుంది, అంటుకోదు

పాత ఈసీయూ వాడుతుంటే ఇమ్మొబిలైజర్ (సరైన తాళంచెవి లేనిదే ఇంజిన్‌ని నడవనివ్వని ఏర్పాటు) చూడండి. తాళంచెవి చిప్, దాన్ని చదివే రింగు, కంట్రోల్ బాక్సు మూడూ అదే కారువి కాకపోతే ఇంజెక్టర్లు తెరుచుకోవు. ఆ మూడూ ఒకే కారువి దొరకనప్పుడు ప్రోగ్రామ్ చేసుకునే ఈసీయూకి మారడమే నయం.

ఆర్పీఎం మీటరు సగమే చూపిస్తుంది

నాలుగు సిలిండర్ల మీటరు చుట్టుకి రెండు పల్సులు ఆశిస్తుంది. వేస్టెడ్ స్పార్క్ (ఒక కాయిల్ రెండు సిలిండర్లకి ఒకేసారి స్పార్క్ ఇచ్చే) ఇంజిన్లో ఒక కాయిల్ నుంచి ఒక్కటే వస్తుంది. సిగ్నల్‌ని కాయిల్ నుంచి కాకుండా ఈసీయూ టాకో (ఆర్పీఎం) అవుట్‌పుట్ నుంచి తీసుకోండి.