పక్కింటి కుక్కల నుంచి పెరటి కోళ్లను ఎలా కాపాడుకోవాలి?

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో పెరట్లో నాలుగు పెట్టలు, ఒక పుంజు ఉంటే పోచమ్మ మొక్కు తీరుతుంది, అల్లుడొచ్చిన రోజు కూర అవుతుంది, అవసరానికి నాలుగు పైసలు చేతిలో ఆడతాయి. పక్కింటి కుక్క వాటిని ఒక్క పూటలో ఊడ్చేస్తుంది. ఆకలి మీద వచ్చి ఒక కోడిని పట్టుకుపోతే అదొక లెక్క. కానీ కడుపు నిండిన కుక్క కూడా కోడి రెక్కలు కొట్టుకుంటుంటే చూసి ఊరుకోదు. ఒకటి కదలకుండా పడిపోగానే ఇంకొకదాని వెంట పడుతుంది. అందుకే దానికి ఇంత అన్నం పెట్టి మంచి చేసుకుందామనుకుంటే ఫలితం ఉండదు. దారి మూయాలి, వేళ మార్చాలి, యజమానితో మాట్లాడాలి.

ముందు దొంగ ఎవరో తేల్చుకోండి

కోడి పోయిందని తెలియగానే పక్కింటి మీదికి గొడవకు వెళ్లకండి. కుక్క పడిన చోట ఈకలు పెరడంతా చెదిరి ఉంటాయి, రెండు మూడు కోళ్లు చచ్చి పడి ఉంటాయి, తిన్న గుర్తులు మాత్రం తక్కువ. మెడ దగ్గర కొరికి ఉంటే ముంగిసను అనుమానించాలి. కోడిపిల్లలు ఒకటొకటిగా, చప్పుడు లేకుండా మాయమవుతుంటే పిల్లో గద్దో అయి ఉంటుంది. కంచె వెంట సాయంత్రం పొయ్యి బూడిద పలచగా చల్లి పెట్టండి. పొద్దున పాదం ముందు గోళ్ల గుర్తులు కనిపిస్తే అది కుక్క జాడ. పిల్లి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది.

రాత్రికి గట్టి గూడు

గంప బోర్లించి పైన రాయి పెట్టడం పాత పద్ధతి. పొదిగే పెట్టను పగలు కాసేపు మూయడానికి అది చాలు. రాత్రికి చాలదు, కుక్క మూతితో నెట్టి దొర్లిస్తుంది. నేల మీది నుంచి రెండడుగుల ఎత్తులో గూడు కట్టండి. అడుగున చెక్కలైనా జాలి అయినా సందులు పెద్దగా ఉండకూడదు. కింద నిలబడ్డ కుక్క సందులోంచి కోడి కాలు పట్టి లాగుతుంది, తలుపు వేసే ఉన్నా పొద్దునకు కోడి కుంటిదై ఉంటుంది. కోళ్లు కూర్చునే కర్రను కూడా పక్క జాలికి జానెడు దూరంగా కట్టాలి.

గూటికి అలవాటు చేయడం కష్టం కాదు. మూడు నాలుగు రోజులు లోపలే ఉంచి మేపండి. తర్వాత రోజూ పొద్దు గూకే ముందు గూట్లోనే గుప్పెడు మక్కలో నూకలో చల్లండి. చీకట్లో కోడికి చూపు ఆనదు కాబట్టి గింజ దొరికే చోటికి అదే వచ్చి చేరుతుంది. తలుపుకు తాడు కాదు, గొళ్లెం పెట్టండి.

కంచె: ఎత్తు సగం పనే

మనవాళ్లు డబ్బంతా కంచె ఎత్తు మీద పెడతారు. కుక్క ఎక్కువగా కింది నుంచి వస్తుంది. కంచె మొదట్లో, జాలి నేలను తాకే చోట ముక్కు పెట్టి అక్కడే తవ్వుతుంది. అందుకే ఈ ఒక్క పని మాత్రం వాయిదా వేయకండి: ఒకటిన్నర నుంచి రెండడుగుల వెడల్పున్న జాలి పట్టీ తీసుకుని, కంచె అడుగుకు గట్టిగా కట్టి, బయటి వైపు నేల మీద పరవండి. అంచుల్లో ఇనుప మేకులు దిగ్గొట్టి, పైన రాళ్లు పేర్చి, మట్టి కప్పండి. వానలు పడితే గడ్డి మొలిచి జాలిని పట్టేసుకుంటుంది. కుక్క కంచె దగ్గరికొచ్చి తవ్వితే గోళ్లకు జాలే తగులుతుంది. రెండడుగులు వెనక్కి వెళ్లి తవ్వాలన్న ఆలోచన దానికి సాధారణంగా రాదు.

జాలి ఎంచుకునేటప్పుడు కోళ్ల జాలి అని అమ్మే సన్న తీగ ఆరుపలకల జాలిని కంచెకు నమ్ముకోకండి. అది కోళ్లు బయటికి పోకుండా ఆపుతుంది గానీ పెద్ద కుక్క పళ్లతో పట్టి చింపేస్తుంది. వెల్డింగ్ చేసిన జాలి కాస్త ఖరీదైనా మేలు. గేజు నంబరు తగ్గేకొద్దీ తీగ లావు అవుతుందని గుర్తుంచుకోండి, కొట్లో చాలామంది ఇక్కడే తికమక పడతారు. ఎత్తు ఐదారడుగులు ఉండాలి. మన దగ్గర రాతి కడీలు దొరుకుతాయి. చెదలు పట్టవు, ఒకసారి పాతితే మళ్లీ చూడక్కర్లేదు. జాలి కొనే స్తోమత లేకపోతే పత్తికట్టె దడి, తుమ్మకంప కూడా పనికొస్తాయి, కాకపోతే ఏటా కొత్తగా వేసుకోవాలి.

నేల స్వభావం కూడా చూడాలి. నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిచ్చి కంచె కింద సందులు తెరుస్తుంది. చలక నేలలో వాన నీటికి మట్టి కొట్టుకుపోయి గేటు కింద పల్లం పడుతుంది. కాబట్టి గేటు కింద బండ ఒకటి గడపలా పాతండి. తొలకరి వానలు అయ్యాక కంచె చుట్టూ ఒక్కసారి తిరిగి రండి. ప్రహరీ గోడ ఉన్నవాళ్లు గోడకు ఆనించి పేర్చిన కట్టెల మోపు, పాత టైర్లు తీసేయాలి. కుక్క వాటి మీద కాలు పెట్టి గోడెక్కుతుంది.

వదిలే వేళ

ఇళ్లలో కట్టేసే కుక్కలను కూడా చాలామంది రాత్రి వదిలి, తెల్లారాక కడతారు. తెల్లవారుజామునే కోళ్లను వదిలితే రెండూ ఎదురుపడతాయి. పొద్దెక్కి మనుషులు తిరిగే వేళకు వదలండి, దీపాలు పెట్టకముందే మూసేయండి. ఇంట్లో కోడిని కోసిన రోజు పేగులు, తలలు వెనక వీధిలో పడేయడం అసలు పనికిరాదు. మన కోడి రుచిని కుక్కకు మనమే నేర్పినట్టు. గుంత తీసి పూడ్చండి.

యజమానితో మాట

కోడి చచ్చాక మాట్లాడితే అది తగాదా. కోళ్లు కొనగానే మాట్లాడాలి. అది కూడా ఆరోపణలా కాకుండా ఒక చిన్న సాయం అడిగినట్టు ఉండాలి: “కాకా, నేను ఎనిమిదింటికి కోళ్లను వదులుతాను. ఆ వేళకు మీ కుక్కను కట్టేస్తే చాలు.”

“మా కుక్క అలాంటిది కాదు బిడ్డా” అన్న జవాబు తప్పకుండా వస్తుంది. ఆయన అబద్ధమాడటం లేదు. ఇంట్లో పిల్లల చేతిలోని రొట్టె ముట్టని కుక్కే మరో మూడు కుక్కలతో కలిస్తే వేటకు దిగుతుంది. వాదించకండి. మీ కంచెకు మీరెంత ఖర్చు పెట్టారో చూపించండి, సగం మెత్తబడతాడు. మళ్లీ మళ్లీ జరిగితే తేదీ, సమయం కనిపించే ఫోటోలతో పెద్దమనుషుల దగ్గరో పంచాయతీ కార్యదర్శి దగ్గరో పెట్టండి. గుడ్లు పెట్టే పెట్ట పోతే నష్టం మాంసం ధరతో తేలదని అక్కడ గట్టిగానే చెప్పండి.

అది ఎవరిదీ కాని వీధికుక్క అయితే పట్టణంలో మునిసిపాలిటీకి చెప్పాలి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కను పట్టుకెళ్లి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, తెచ్చిన చోటే వదులుతారు. కాబట్టి ఫిర్యాదు చేశాం కదా అని కంచె పని ఆపకండి.

చేయకూడనివి

విషం పెట్టకండి. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువును విషం పెట్టి చంపితే ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు. పైగా ఆ విషపు ముద్దను ముందు మీ కోళ్లే పొడవవచ్చు. ఇంటి కరెంటును కంచె తీగకు కలపడం అంతకంటే ఘోరం. అడవి పందుల కోసం అలా పెట్టిన తీగలకు తగిలి మనుషులు పోయారు. కరెంటు కంచే కావాలంటే క్షణక్షణానికి ఆగి ఆగి షాక్ ఇచ్చే సోలార్ యంత్రం కొనాలి.

నీలం నీళ్ల సీసాలు, కారప్పొడి లాంటి చిట్కాల మీద నాకు నమ్మకం లేదు. కారం ఒక్క వానకు పోతుంది. అందులోనూ మన చపాటా మిర్చికి రంగే గొప్ప, ఘాటు తక్కువ.

అయినా కుక్క పడితే

బతికిన కోళ్లను విడిగా, చీకటిగా ఉన్న గంప కింద ఉంచండి. రక్తం కనిపిస్తే మిగతా కోళ్లు అక్కడే పొడుస్తాయి. రెక్కల కింద, వీపు మీద ఈకలు విడదీసి చూడండి. పైకి ఏమీ కనిపించకపోయినా పంటి గాట్లు లోతుగా ఉంటాయి. ఉప్పు నీళ్లతో కడిగి పోవిడోన్ అయోడిన్ పూయండి, ఈగ వాలనివ్వకండి. పుండు లోతుగా ఉంటే 1962కు ఫోను చేసి పశువైద్యుల సలహా తీసుకోండి. చచ్చిన కోడిని వండకుండా సున్నం చల్లి పూడ్చేయండి. విడిపించబోయి మీకు కుక్క పన్ను తగిలితే సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో రేబిస్ టీకా మొదలుపెట్టాలి.

ఒకసారి కోడిని పట్టిన కుక్క ఆ దారినే మళ్లీ వస్తుంది. అది వచ్చిన సందు దొరికి, మూసేదాకా మిగిలిన వాటిని బయటికి వదలకండి. బెదిరిన పెట్టలు కొన్నాళ్లు గుడ్లు మానేయవచ్చు. ఆ కంగారులో వాటిని తెగనమ్ముకోకండి, మేత సరిగా పెడితే మళ్లీ పెడతాయి.