డిక్కీలో పెట్రోలు వాసన: పాత హెరాల్డ్ ట్యాంకు ఎక్కడ కారుతోందో కనిపెట్టి మాటు వేయడం

స్టాండర్డ్ హెరాల్డ్‌ను స్పోర్ట్స్ కార్ల వరుసలో చేర్చితే కొందరు నవ్వవచ్చు. అయితే 1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్‌గా వచ్చి, 1961 నుంచి మద్రాసులో తయారైన ఈ కారు చట్రాన్నే పొట్టిచేసి 1962లో స్పోర్ట్స్ కారైన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌ను తయారుచేశారు కనుక ఈ రెండింటికీ రోగాలు చాలావరకు ఒకటే. హెరాల్డ్‌లో ట్యాంకు కారు కింద వేలాడదు. డిక్కీలోనే ఒక పక్కన నిలబడి ఉంటుంది. స్పిట్‌ఫైర్‌లో సీట్ల వెనక అడ్డంగా ఉంటుంది. అందువల్ల కారిన పెట్రోలు రోడ్డు మీద పడదు, డిక్కీ అడుగున, స్టెప్నీ ఉండే గుంతలో చేరుతుంది. గాలికన్నా బరువైన ఆవిరి అక్కడే నిలిచి, మెల్లగా సీట్ల వైపు వస్తుంది. తడి కనిపించడానికి ముందే వాసన రావడానికి కారణం ఇదే. వాసన వచ్చిన నాడే బండిని పక్కన పెట్టడం మంచిది.

అనంతపురంలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కాబట్టి బయటినుంచి తుప్పు పట్టడం ఇక్కడ నెమ్మదిగా జరుగుతుంది. ఆ మేరకు మనం అదృష్టవంతులమే. కానీ ఇదే పొడి వాతావరణం కారుడును దాచిపెడుతుంది కూడా. మే నెల మధ్యాహ్నం ఊరిన చుక్క ఊరినట్టే ఆవిరైపోతుంది; పైపుల కింద షెడ్డులో పరిచిన కడప బండ మీద మరక కూడా మిగలదు. కనుక పరీక్ష ఎప్పుడూ తెల్లవారుజామున, రాత్రంతా కదలకుండా నిలిపిన బండి మీదే చేయాలి. ట్యాంకు కింద, పైపుల కింద పాత వార్తాపత్రికలు పరిచి ఉంచితే తడి ఎక్కడ మొదలైందో అవే చెబుతాయి. ఎప్పటినుంచో కొద్దికొద్దిగా ఊరుతున్న చోట గోధుమరంగు జిగురు చార ఒకటి మిగిలి ఉంటుంది. దానిని కడిగేయకముందే ఫోటో తీసి పెట్టుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు

బ్యాటరీ ఎర్త్ తీగను ముందుగా విప్పాలి. ఈ కాలపు బ్రిటిష్ కార్లలో కొన్నింటికి పాజిటివ్ వైపు ఎర్త్ ఉంటుంది కాబట్టి, బాడీకి కలిసిన తీగ ఏదో చూసి మరీ విప్పాలి. పనిని ఆరుబయట, నీడలో చేయాలి. మెకానిక్ గుంత ఉన్న షెడ్డులో పెట్రోలు తోడకూడదు, ఎందుకంటే ఆవిరి ఆ గుంతలోకే దిగుతుంది. గొట్టాన్ని నోటితో పీల్చి పెట్రోలు తీసే అలవాటు మనవైపు ఇంకా పోలేదు. కిరోసిన్ తోడే చేతిపంపు ఉండగా ఊపిరితిత్తులను పణంగా పెట్టనక్కరలేదు. పెట్రోలును మూత ఉన్న ఇనుప డబ్బాలోకే తోడాలి, ఆ డబ్బా నేలమీదే ఉండాలి. పొడి చల్లి మంట ఆర్పే సిలిండరు ఒకటి, ఇసుక బకెట్టు ఒకటి చేతికందే దూరంలో ఉంచుకోవాలి.

లక్షణం: ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే వాసన

సగం ఖాళీ అయ్యాక వాసన పోతుంటే దోషం రేకులో లేదు, పైభాగంలో ఉంది. పెట్రోలు పోసే మూతినీ ట్యాంకునూ కలిపే రబ్బరు గొట్టం గట్టిపడి, పగుళ్లు తీసి ఉంటుంది. దీనికి తోడు ఎండ ఒకటి. పెట్రోలు ఒక్కో డిగ్రీ వేడికి దాదాపు వెయ్యో వంతు వ్యాకోచిస్తుంది. ఉదయం చల్లటి పెట్రోలుతో 30 లీటర్లూ అంచుదాకా నింపి, మధ్యాహ్నం ఎండలో 20 డిగ్రీలు వేడెక్కనిస్తే అర లీటరుకు పైగా ఎక్కడికో ఒకచోటికి పోవలసిందే. గొట్టాన్ని మార్చి, రెండు చివరలా కొత్త క్లిప్పులు బిగించి, అంచుకు రెండు మూడు లీటర్లు తక్కువగా పోయించుకుంటే ఈ సమస్య తీరుతుంది. గొట్టం మాత్రం పెట్రోలుకు తగినదే కావాలి. రేడియేటరు గొట్టం ముక్క కొలతకు సరిపోయినా కొన్ని వారాలకే ఉబ్బి మెత్తబడుతుంది.

ఇక్కడే మరో మాట. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటున్నది. 1960ల నాటి రబ్బరు, బెండు వాషర్లు దీనికోసం తయారైనవి కావు. నలభై ఏళ్లు చుక్క కారని బండి ఉన్నట్టుండి మూడు చోట్ల కారడం మొదలుపెట్టిందంటే ముందుగా అనుమానించవలసింది దీనినే.

లక్షణం: గేజీ తీగ చుట్టూ తడి

పెట్రోలు ఎంత ఉందో చూపే, ఫ్లోట్ (తేలే బిళ్ల) ఉన్న గేజీ యూనిట్‌ను ట్యాంకుకు స్క్రూలతో బిగిస్తారు. మధ్యనున్న బెండు వాషరు ఎండి కుంచించుకుపోతే అక్కడినుంచి ఊరుతుంది. అప్పుడు స్క్రూలను ఇంకా బిగించడమే అందరూ చేసే తప్పు; పలుచని రేకు వంగి, తడి మరింత పెరుగుతుంది. నా బండికి ఒక మెకానిక్ ఇదే చేశాడు, ఆ వంపును సరిచేయడానికి నాకు ఒక పూట పట్టింది. పెట్రోలును గేజీ మట్టం కన్నా కిందికి తోడి, యూనిట్ తీసి, అంచును చెక్క దిమ్మె మీద నెమ్మదిగా తట్టి సమం చేసి, పెట్రోలుకు తట్టుకునే వైటాన్ రబ్బరు వాషరు వేయాలి. మామూలు సిలికాన్ పేస్టు పెట్రోలులో ఉబ్బి ఊడి వస్తుంది కనుక వాడకూడదు. స్క్రూ రంధ్రాలు ట్యాంకు లోపలికి తెరుచుకునే రకమైతే ప్రతి స్క్రూ కిందా రాగి వాషరు వేయాలి. రిజర్వు లీవరు ఉన్న ట్యాంకుల్లో ఆ లీవరు కడ్డీ చుట్టూ ఉన్న సీలును కూడా ఇప్పుడే చూసుకోవాలి.

లక్షణం: ఒక మట్టం దాకా కారి ఆగిపోవడం

నా దృష్టిలో అన్నింటికన్నా విలువైన సూచన ఇదే, ఎందుకంటే పెట్రోలే చిల్లు ఎంత ఎత్తున ఉందో చెబుతుంది. రెండేసి లీటర్లు తోడుతూ, ప్రతిసారీ ఒక గంట ఆగి చూసి, తడి ఆగినప్పుడు లోపల పెట్రోలు ఏ మట్టంలో ఉందో ఆ ఎత్తున ట్యాంకు బయట సుద్దతో గీత గీయాలి. చిల్లు ఆ గీతకు కాస్త పైన, చాలాసార్లు రెండు రేకులు కలిసిన అతుకు మీదో, ట్యాంకును బాడీకి బిగించే పట్టీ దగ్గరో ఉంటుంది.

సరైన చోటు ఇంకా తేలకపోతే మన ఇంటి సామానే పనికివస్తుంది. ట్యాంకు బయటిభాగాన్ని శుభ్రంగా తుడిచి ఆరబెట్టి, ముగ్గుపిండిని నీళ్లలో కలిపి కుంచెతో పలుచగా పూసి, అది తెల్లగా ఆరిన తర్వాత చూస్తే పెట్రోలు ఊరిన చోట మాత్రం నల్లని గీతలా తడి కనిపిస్తుంది. వెంట్రుకంత పగులు కూడా దీనికి దొరుకుతుంది.

పట్టీ దగ్గర పగులు ఉంటే ట్యాంకు మూతను కూడా పరీక్షించాలి. మూతలో గాలి లోపలికి పోయే సన్నని దారి మూసుకుపోయినా, గాలిదారి లేని వేరే బండి మూత బిగించినా, పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ లోపల శూన్యం ఏర్పడి రేకు లోపలికి పీల్చుకుంటుంది. మూత తీయగానే బుస్సుమని చప్పుడు వస్తుంది. దీనిని వదిలేసి పగులుకు మాత్రమే మాటు వేస్తే ఆ పక్కనే మళ్లీ పగులుతుంది.

లక్షణం: ఎంత తోడినా అడుగున తడి

ఇది లోపలి తుప్పు. నెలల తరబడి సగం ఖాళీగా నిలబెట్టిన బండిలో గాలిలోని చెమ్మను ఇథనాల్ పీల్చుకుంటుంది. ఒక హద్దు దాటాక ఆ నీరూ ఇథనాలూ పెట్రోలునుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. తుప్పు అక్కడే మొదలై, సూదిమొన అంత చిల్లులు వరుసగా పడతాయి.

దారిలో ఉన్నప్పుడు ఇలా జరిగితే బట్టల సబ్బును చిల్లు మీద గట్టిగా రుద్దాలి. సబ్బు పెట్రోలులో కరగదు కనుక గుత్తి నుంచి అనంతపురం చేరేదాకా నిలుస్తుంది. తడి రేకు మీద ఎంసీల్ అంటుకోదు. ఆరిన రేకు మీద వేసినా అది తాత్కాలికమే.

అసలు మరమ్మతుకు ట్యాంకును దించవలసిందే. వేడినీళ్లు, బట్టల సోడా కలిపి కనీసం మూడు నాలుగు సార్లు కడగాలి. తర్వాత లీటరు నీటికి 50 నుంచి 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి ఒక రాత్రి ఉంచితే తుప్పు వదులుతుంది. అంతకు మించి ఉంచితే మంచి రేకునూ తింటుంది. మొండి తుప్పు రాలడానికి లోపల నట్లు వేసి ఊపేవారు ఎన్ని వేశారో లెక్క రాసుకుని, అన్నీ బయటికి వచ్చాయో లేదో చూసుకోవాలి. చివర వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టాలి. ఈ ఒక్క పనిలో అనంతపురం ఎండకు సాటి లేదు.

మాటు వేయించడానికి వెల్డింగు షాపుకన్నా రేడియేటర్లు బాగుచేసే షాపు మేలు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకన్నా ప్రమాదకరం: గాలిలో ఒకటిన్నర శాతం ఆవిరి ఉన్నా అంటుకుంటుంది, ఆ ఆవిరి నెలల తర్వాత కూడా తుప్పులోనుంచీ అతుకుల్లోనుంచీ ఊరుతూనే ఉంటుంది. కాబట్టి మాటు పడే చోటు పైకి వచ్చేలా ట్యాంకును తిప్పి, దాని కొంచెం కింది దాకా నీళ్లు నింపి, మిగతా రంధ్రాల్లో కనీసం ఒకదానిని తెరిచి ఉంచి, దూరంగా కాల్చిన రాగి కడ్డీతో టంకం వేయించాలి. ఈ కాలపు ట్యాంకులకు సీసం తగరం కలిసిన పూత వేసిన రేకు వాడేవారు కనుక టంకం బాగా పడుతుంది. గ్యాస్ మంట ట్యాంకు దగ్గరికి రానివ్వకూడదు. పాతిక చిల్లులున్న రేకుకు మాత్రం మాటు వేయడం వృథా. అడుగు భాగం కోసి కొత్త రేకు వేయించడమో, కొత్త ట్యాంకు చేయించడమో మేలు. లోపల పోసి తిప్పే పూతలను నేను సిఫారసు చేయను, ఎందుకంటే పాత రకాలు ఇథనాల్‌కు పొరలు పొరలుగా ఊడి కార్బురేటరు జెట్లలో ఇరుక్కుంటాయి.

ట్యాంకు పొడిగా ఉన్నా వాసన

అప్పుడు లోపం ట్యాంకులో కాదు, పైపులో లేదా ఇంజను పక్కనున్న పెట్రోలు పంపులో ఉంది. రబ్బరు జాయింట్లను వేళ్లతో వంచి చూడాలి, పగిలినవి మార్చాలి. ఆయిలు కడ్డీ తీసి వాసన చూస్తే పెట్రోలు కంపు కొడుతున్నట్లయితే పంపు డయాఫ్రం (లోపలి పలుచని పొర) చిరిగింది. దానినీ, ఇంజను ఆయిలునూ మార్చేదాకా ఇంజను తిప్పకూడదు.

బిగించిన తర్వాత

ట్యాంకును కారులో కూర్చోబెట్టక ముందే రంధ్రాలన్నీ మూసి, మాటు మీద సబ్బునీళ్లు రాసి, సైకిలు పంపుతో రెండు మూడు దెబ్బలు మాత్రమే గాలి కొట్టి బుడగలు చూడాలి. కంప్రెసరు పెడితే రేకు ఉబ్బి అతుకులు విచ్చుకుంటాయి. తర్వాత ట్యాంకును బిగించి ఐదు లీటర్లు పోసి, పత్రికలు పరిచి ఒక రాత్రి చూడాలి, మరుసటి రాత్రి నిండుగా పోసి మళ్లీ చూడాలి. అప్పుడు తాడిపత్రి దాకా ఒకసారి వెళ్లి వచ్చి, వేడిమీద వదులైన క్లిప్పులను బండి చల్లారాక మరోసారి బిగించి, పెట్రోలు ఫిల్టరు మార్చాలి. కడిగినా మిగిలిన తుప్పు పొడి ఈ మొదటి ప్రయాణంలోనే అక్కడికి చేరుతుంది.